ఎడమచేయి

గార్డు బ్రహ్మచారికి కుడిచేత్తో పిస్తోలు కాల్చడం ఒక్కటే నేర్పారు; డ్రైవర్ జమాలుద్దీన్ చావుకు అదే కారణం. బ్యాంకు డబ్బు తీసుకెళ్లే వ్యాన్ మీద దొంగలు పడ్డప్పుడు బ్రహ్మచారి కుడి భుజంలో తూటా దిగింది. నడుముకు కుడివైపున్న పిస్తోలును ఎడమచేయి తీయలేకపోయింది. ఆలోపే దొంగలు జమాలుద్దీన్‌ను కాల్చేశారు.

ఇప్పుడు యాప్రాల్‌లోని శిక్షణ కేంద్రంలో కొత్త గార్డులకు అతనే నేర్పుతున్నాడు. ముందు మైదానం చుట్టూ పరుగెత్తించాడు. ఆయాసం తగ్గకముందే కుడిచేతులు తువ్వాళ్లతో కట్టించి, ఖాళీ పిస్తోళ్లు ఎడమచేత్తో తీయమన్నాడు.

"నన్నే దొంగలెక్క కట్టేసిన్రేంది సార్?" అంటూ వాళ్లలో ఒకడైన హుజైఫా నవ్వాడు. పిస్తోలు జారి కింద పడింది.

"నువ్వు సచ్చినవ్. మళ్ల తియ్యి."

ఇరవయ్యోసారికి పిస్తోలు సరిగ్గా చేతికొచ్చింది. హుజైఫా చెమట తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు. "జమాలుద్దీన్ చాచా ఆఖరికి ఏమన్నడు సార్?"

"తీసుడు నేర్పుతా. గా ముచ్చట సచ్చేదాక ఎవ్వలకు చెప్ప."