పొడుగు దారం

పుస్తకం వచ్చిన రోజు సంతోషంతో నాకు అన్నం సహించలేదు. సర్జికల్ పాథాలజీ, కొత్త కూర్పు. అట్ట మీద బంగారు రంగులో డాక్టర్ భానుప్రకాశ్ పేరు. కుప్పంలో జరిగే డాక్టర్ల సభలో ఆ పుస్తకం మంచిచెడ్డలు చెప్పాల్సింది నేనే. బాగుందంటే చుట్టుపక్కల ల్యాబులన్నీ కొంటాయి. బాగాలేదంటే ఆయన పరువు పోతుంది. నాకు కావలసింది ఆ రెండోదే.

నా పేరు సుహాసిని. పుంగనూరులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో పాథాలజిస్టుని. ఆపరేషన్లో తీసిన గడ్డలు నా బల్ల మీదికి వస్తాయి. అది క్యాన్సరా కాదా, అయితే ఏ అంచు దాకా పాకింది అని చెప్పడం నా పని. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే భానుప్రకాశ్ ఒకసారి మా ఆసుపత్రికి అతిథిగా వచ్చి, నేను ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు చూసి, "పిల్లోళ్లకు పాఠం సెప్పుకుంటా, ఇయ్యమ్మా" అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయాడు. ఈ కొత్త కూర్పులో రొమ్ము క్యాన్సర్ అధ్యాయం నిండా అవే. అన్నిటి కిందా ఆయన పేరే. కృతజ్ఞతల పేజీలో ఆయన కారు డ్రైవరు కూడా ఉన్నాడు, నేను లేను. ఒళ్లు మండిపోయింది.

పుస్తకం మిగతాదంతా బాగుండటం ఇంకో కడుపుమంట. కొత్త పరీక్షలు, మారిన పేర్లు అన్నీ శ్రద్ధగా చేర్చాడు. తప్పు కోసం పేజీ పేజీ గాలించాను. చివరికి అది నా ఫొటో కిందే దొరికింది.

గడ్డ ఒంట్లో ఎటు తిరిగి ఉండేదో ల్యాబుకు తెలియాలని సర్జన్ దానికి రెండు దారాలు కడతాడు. మామూలుగా పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం చంకవైపుకు. మా సొలొమోను డాక్టరు మాత్రం తారుమారు చేసి కడతాడు. అడిగితే, "దేవుని తట్టు ఉండేది పొడుగుండల్ల గదమ్మా" అంటాడు. మా ఆసుపత్రిలో అందరికీ అదే అలవాటైపోయింది. ఈ సంగతి భానుప్రకాశ్‌కు తెలియదు. ఫొటోలో పొడుగు దారం ఉన్న అంచుకు క్యాన్సర్ పాకింది కాబట్టి చంకవైపు మళ్లీ కోయాలని రాసేశాడు.

ఆ గడ్డ తంబళ్లపల్లె వెంకటమ్మది. మేము పైవైపు మళ్లీ కోశాం. అక్కడ మిగిలి ఉన్న క్యాన్సర్ తీసేశాం. మొన్న మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు వేసుకొచ్చి, పనిగట్టుకుని పుంగనూరు దాకా వచ్చి మాకూ ఓ బుట్ట ఇచ్చి పోయింది.

"ఆ తప్పు సంగతి ఆయనకే ఫోన్ చేసి సెప్పేయమ్మా. నలుగుర్లో యాల? పెద్దాయన" అన్నాడు సొలొమోను డాక్టరు.

"మీరు కుప్పానికి వస్తే చాలు సార్" అన్నాను.

సభకు ముందురోజు భానుప్రకాశే ఫోన్ చేశాడు. "సుహాసినీ, నాలుగు మంచి మాటలు సెప్పమ్మా. వచ్చే కూర్పులో నీ పేరు ఏస్తా."

అంటే మరిచిపోలేదన్నమాట. తెలిసే తీసేశాడు. "సరే సార్" అన్నాను తీయగా.

సభలో ముందు మెచ్చుకున్నాను. అవన్నీ నిజాలే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాడు. అప్పుడు ఆ ఫొటో తెర మీద వేశాను.

"ఈ గడ్డ యాడిది సార్?"

"మా కాలేజీదే. నేనే కోసి సూసినా" అన్నాడు మైకు దగ్గరికి లాక్కుని.

"మళ్లీ యాడ కోయల్ల?"

"పొడుగు దారం యాడుండాదో సూడమ్మా. సంక తట్టు."

సొలొమోను డాక్టరు మూడో వరుసలో లేచి నిలబడ్డాడు. "ఆ దారం కట్టింది నేనప్పా. పొడుగుది పైకి కడతాను. అది మా పుంగనూరు గడ్డ. మీరు సెప్పినట్టు కోసింటే ఆయమ్మ ఈపాటికి ఉండేది కాదు."

భానుప్రకాశ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా కడుపు నిండింది. ఇంకా అబద్ధమెందుకు, చాలా బాగా అనిపించింది.

ప్రతి కాపీలో ఆ పేజీ అంచున సవరణ చీటీ అంటించేదాకా ఎవరూ కొనకూడదని సభ తీర్మానించింది. ఆ ఫొటో ఎవరు తీశారో, దారం ఏ వైపుదో చీటీలో ఉండాలి. చీటీ నేనే రాసిచ్చాను.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకు వచ్చాడు. "యాలమ్మా ఇట్ల చేస్తివి? నీ పేరు ఏస్తానంటి గదా. ఇప్పుడైనా ఆ ఫొటో కింద నా పేరు కొట్టేసి నీది ఏసుకో."

"ఆ చంక తట్టు అనే మాట కిందా? వద్దు సార్" అన్నాను. "నా పేరు చీటీ మీద ఉంటుంది. ఆడ మీ పేరే ఉండనీండి."