కొక్కేనికి చుట్టిన గోనె

1949 నవంబరు ఇరవై నాలుగు, గురువారం. జనగామలో బస్సులు ఆగే రోడ్డు పక్కన ఉన్న రేకుల కొట్టం కింద, ఎండ వాలడం మొదలైన వేళకు, నలుగురు ఉన్నారు: బ్యాటరీల మిస్త్రీ కనకయ్య, క్రైస్తవ మిషను దవాఖాన కారు నడిపే వాల్యా, ఆ దవాఖాన నర్సు యాకమ్మ, కారు వెనుక తగిలించిన చెక్కబండిలో గడ్డి పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉన్న లచ్చవ్వ. లచ్చవ్వ కనకయ్యకు అక్క.

కనకయ్య తీగ చివరనున్న నూలు తొడుగును పళ్లతో ఒలుస్తున్నాడు. కత్తి ఉన్నా పళ్లతోనే ఒలవడం అతని అలవాటు. ఆ అలవాటు వల్ల ముందరి పళ్లలో ఒకదాని అంచు అరిగి నెలవంకలా గుంటపడింది. ఒలిచిన రాగిపోగులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పి, ఎర్ర గాజు బిగించిన రేకుడబ్బాలోకి దూర్చాడు. ఆ డబ్బా పాతబడి మూలపడ్డ ఒక బస్సుది. దాన్ని చెక్కబండి వెనుక పలకకు నాలుగు మేకులతో దిగ్గొట్టాడు.

ఆ ఫోర్డు కారు ఒకప్పుడు ఒక దొరది. ఊళ్లు దొరల మీద తిరగబడ్డ ఏడాది దొర హైదరాబాదుకు వెళ్లిపోతూ దాన్ని మిషను వాళ్లకు అమ్మాడు. పడుకోబెట్టి తేవలసిన రోగుల కోసం వాళ్లు రెండు టైర్ల మీద ఈ చెక్కబండి చేయించారు. ఇంతవరకు అది పగటి ప్రయాణాలే చేసింది గనుక దానికి దీపం అవసరపడలేదు. ఇప్పుడు హన్మకొండలోని దవాఖాన చేరేలోగా చీకటి పడుతుంది. కారుకున్న వెనుక దీపాన్ని ఈ బండి కప్పేస్తుంది. కమ్యూనిస్టు దళాల వాళ్లు రాత్రిపూట బండ్లలో తిరుగుతున్నారన్న అనుమానంతో, వెనుక ఎర్రదీపం లేని బండిని హన్మకొండ దారి మీది మిలిటరీ క్యాంపు దాటనివ్వడం లేదు.

లచ్చవ్వ కడుపు నిన్నటి నుంచి ఉబ్బుతోంది. పేగు మెలిపడిందనీ, ఈ రాత్రికి కోసి సరిచేయకపోతే బతకదనీ యాకమ్మ దాపరికం లేకుండా చెప్పింది. కనకయ్య విని తల ఊపి, తీగ చుట్ట అందుకున్నాడు.

"ఏందిరా తమ్మీ, గంత సింగారిస్తున్నవు? నన్ను పెండ్లిపిల్లలెక్క ఊరేగిస్తవా?" అంది లచ్చవ్వ. ఆమె పెదవులు ఎండి అట్టకట్టాయి.

కనకయ్య తీగను కొలుస్తూనే ఉన్నాడు.

"ఊ అనడు, ఆ అనడు," అన్నాడు వాల్యా, కారు చక్రం పైనుండే రెక్కకు ఆనుకుని చుట్ట ముట్టించుకుంటూ. "కనకన్నా, నువ్వు తీగెతోని మాట్లాడినంత మనిషితోని మాట్లాడవే. రేపు సచ్చి దేవుని తానికి పోతే ఏం జేస్తవు? ఆయనను గూడ గిచ్చి చూస్తవా, కరెంటు ఉన్నదా లేదా అని?"

లచ్చవ్వ నవ్వబోయింది. నవ్వు సగంలోనే మూలుగైంది.

"జర ఊకో వాల్యా. నవ్వియ్యకు ఆమెను," అని కసిరింది యాకమ్మ.

కనకయ్య, లచ్చవ్వల తండ్రి చాకలి. ఊరి దొర గుర్రపుబండికి ముందు రాత్రిళ్లు దివిటీ పట్టుకుని పరుగెత్తడం ఆయన వెట్టి. కారిన నూనె చుక్కలకు ఆయన కుడిభుజం మీద చర్మం ఎప్పుడూ పొక్కి ఉండేది. తల్లి చనిపోయాక తమ్ముణ్ణి పెంచింది లచ్చవ్వే. ఆ దివిటీ తమ్ముడి చేతికి వచ్చే వయసు దగ్గరపడగానే ఒకనాడు తెల్లవారుజామున వాణ్ణి రైలెక్కించి, సికింద్రాబాదులో మోటారు షెడ్డులో ఉన్న దూరపు బంధువు దగ్గరికి పంపింది. గడీవాళ్లు అడిగితే పారిపోయాడని చెప్పి, దెబ్బలు తాను తిన్నది. ఆ సంగతి కనకయ్యకు ఏళ్ల తరువాత మరొకరి నోట తెలిసింది. అడగాలనుకున్నాడు గాని ఎలా మొదలుపెట్టాలో తెలియక మానేశాడు. సంఘం రోజుల్లో ఆమె ఉతికిన బట్టల మూటల్లో దళాలకు జొన్నరొట్టెలు మోసిందని కూడా వాళ్ల ఊరు బచ్చన్నపేటలో అందరికీ తెలుసు. దాని గురించీ అతడు ఏనాడూ మాట్లాడలేదు. పండుగకు వెళ్లినప్పుడు ఆమె గుడిసె ముందు కూర్చుని, ఏదో ఒకటి బాగుచేసి, తిని వచ్చేవాడు.

షెడ్డులో అతడు నేర్చుకున్న మొదటి పాఠం ఇది: బ్యాటరీ నుంచి దీపానికి వెళ్లడానికి కరెంటుకు ఒక తీగ కావాలి, తిరిగి రావడానికి బండి ఇనుప ఒళ్లే చాలు. ఇనుము ఉన్నచోట రెండో తీగ దండగ. ఇన్నేళ్లలో వందల మోటార్లకు అలాగే చేశాడు. ఇది చెక్కబండే అయినా అడుగున పొడవునా ఇనుప పట్టా ఉంది. పట్టా చివర కడియం, కడియం కారు వెనుక కొక్కేనికి తగులుకుని ఉంది. దీపం డబ్బాను పట్టాకు కలిపితే, కడియం మీదుగా, కొక్కెం మీదుగా కరెంటు కారులోకి తిరిగి వస్తుంది. కడియాన్నీ కొక్కేన్నీ ఆకురాయితో తెల్లగా మెరిసేదాకా గీకాడు. ఆ మెరుపు దేనికో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"వెయ్," అన్నాడు.

వాల్యా మీట నొక్కాడు. దానిమ్మగింజ రంగులో దీపం వెలిగింది. లచ్చవ్వకు కనబడదని తెలిసి కూడా కనకయ్య ఆమె వైపు చూశాడు. పగటిపూట బ్యాటరీ ఖర్చెందుకని వాల్యా దీపం ఆర్పేశాడు. కనకయ్య చేతుల మసి కడుక్కోవడానికి కొట్టం వెనుక తొట్టి దగ్గరికి వెళ్లాడు.

అప్పుడే వాల్యా కారును రోడ్డు మీదికి తేవడానికి కొద్దిగా ముందుకు పోనిచ్చాడు. కడియం కొక్కేనికి కొట్టుకుని బండి అదిరింది. లచ్చవ్వ గొంతులోంచి వచ్చిన కేక విని యాకమ్మ పరుగున కారు దిగింది. కొట్టం మూలనున్న గోనెపట్టాను చింపి, కొక్కేనికీ కడియానికీ మధ్య దట్టంగా చుట్టి, నవారుతో గట్టిగా కట్టింది. గాయానికి కట్టు కట్టే చేయి అది. ముడి కిందివైపు పడేలా, పొందికగా కట్టింది. మళ్లీ కదిపితే కుదుపు లేదు.

"సల్లగుండు బిడ్డా," అంది లచ్చవ్వ.

కనకయ్య వచ్చి ఎక్కగానే బయల్దేరారు. క్యాంపు గేటు దగ్గర జవాను బండి చుట్టూ తిరిగాడు. దీపం చూపమన్నాడు. వాల్యా మీట నొక్కాడు. ఎర్ర గాజు నల్లగానే ఉండిపోయింది. కనకయ్య దిగబోతే జవాను తుపాకీ అడ్డం పెట్టాడు. గేటు దగ్గర బండి కిందికి దూరే మనిషిని అతడు నమ్మదలచుకోలేదు. పడుకున్న ముసలామె కడుపు చూసి ముఖం తిప్పుకుని, "లైట్ బనాకే ఆవో, జల్దీ ఆవో," అన్నాడు, దీపం బాగుచేసుకుని తొందరగా రమ్మని. అతడికి చేతనైన దయ అంతే.

తిరిగి కొట్టానికి వచ్చేసరికి ఎండ రేకుల అంచు మీదికి ఎక్కింది. కనకయ్య ముందు బల్బును అనుమానించాడు, పాతది గనుక. దాన్ని ఊడదీసి బ్యాటరీకి ఆనిస్తే వెలిగింది. తరువాత మీటను, ఆపైన తీగను గజం గజం తడిమాడు. అన్నీ బాగున్నాయి. తన పనిలో తప్పు దొరకని కొద్దీ అతని చేతులు మరింత నెమ్మదించాయి. వాల్యా ఇప్పుడు హాస్యాలాడటం లేదు. యాకమ్మ లచ్చవ్వ మణికట్టు వదలలేదు.

చివరికి నేల మీద పడుకుని బండి కిందికి జరిగాడు. గోనెకట్టు కనబడింది. ఇనుముకూ ఇనుముకూ మధ్య, మెత్తగా, ముచ్చటగా.

"గిదెవరు సుట్టిండ్రు?" అన్నాడు కిందినుంచే.

"నేనే అన్నా. దెబ్బ తగలకుంట. ఏమైంది?"

కనకయ్య కత్తి తీశాడు. నవారు కోస్తే చాలు, దీపం వెలుగుతుంది. కత్తి మొన కట్టు మీద పెట్టాడు. పైన పలకల సందులోంచి అక్క ఊపిరి వినిపిస్తోంది, ముక్కలు ముక్కలుగా. హన్మకొండ దాకా కంకర రోడ్డు. ప్రతి గుంటకూ ఆ కడియం కొట్టుకుంటుంది. అతడు కత్తి మూసి బయటికి వచ్చాడు. తీగ చుట్ట అందుకుని రెండో తీగ కొలిచాడు.

"గోనె ఉండనియ్," అన్నాడు. "ఇంకో తీగె గుంజుత."

దీపం డబ్బా నుంచి కారు అడుగు దాకా, చెక్క పొడవునా, రెండో తీగను మేకుమేకుకూ చుట్టుకుంటూ తెచ్చాడు. తొడుగును పళ్లతో ఒలిచాడు. మధ్యలో లచ్చవ్వ, "తమ్మీ, ఉన్నవారా?" అంది. "ఉన్న," అన్నాడు. ఇంకేదైనా చెప్పాలనిపించింది. నోట్లో నూలుపోగులున్నాయి. వాటిని ఉమ్మి, తీగను కారు బోల్టు కింద బిగించాడు.

"వెయ్."

దీపం వెలిగింది. కనకయ్య బండిని పట్టుకుని ఊపాడు, ఆరలేదు. కొక్కేన్ని పైకెత్తి వదిలాడు, ఆరలేదు. వాల్యా హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాడు.

"వాల్యా, బంద్ చెయ్యి," అంది యాకమ్మ.

పట్టుకున్న మణికట్టు వదిలి, ఆ చేతిని లచ్చవ్వ ఛాతీ మీద పెట్టింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.

కనకయ్య తీగ చుట్టను కింద పెట్టాడు. "కొక్కెంలకెల్లి కరెంటు పోతదని నేను చెప్పాలె. చెప్పలే."

"అడగకుంట సుట్టింది నేను గద అన్నా."

"కోసేస్తే అప్పుడే పోయేటోళ్లం. నేను కొయ్యలే."

"కోస్తే ఆమె మొత్తుకుంట పోతుండె," అంది యాకమ్మ. "హన్మకొండ అందేదో లేదో నాకు ఎరుకలేదు. అబద్ధం చెప్ప."

వాల్యా తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. "బచ్చన్నపేటకే మలుపుదాం కనకన్నా. గాని కాయిదం కావాలె. మూట కట్టిన పీనుగంటే సంగపోళ్లదని దింపి చూస్తరు. ఆమెను రోడ్డు మీద దింపనియ్య నేను."

యాకమ్మ సంచిలోంచి దవాఖాన కాగితం తీసి, కారు ముందు రెక్క మీద పెట్టి రాసింది. పేరు, ఊరు. మరణానికి కారణం అన్నచోట కలం కాసేపు ఆగింది. పేగు మెలిపడి, అని రాసింది. వెంట ఉన్న బంధువు సంతకం అన్నచోట వేలు పెట్టి చూపింది.

కనకయ్యకు చదువు రాదు. సికింద్రాబాదు షెడ్డులో జీతం కోసం నేర్చిన ఉర్దూ సంతకం ఒక్కటే వచ్చు. కుడినుంచి ఎడమకు, తీగ వంచినట్టు, తొందర లేకుండా పెట్టాడు. యాకమ్మ సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు చేసి ఇచ్చింది. అతని బనియనుకు జేబు లేదు. బండెక్కి అక్క పక్కన కూర్చుని, ఆమె తల కొంచెం ఎత్తి, గాలికి ఎగిరిపోకుండా, గడ్డిలో ఇంకా ఆమె తల వెచ్చదనం ఉన్నచోట దాన్ని దాచాడు.