బల్ల మీద గంటన్నర

"నాన్నా, రేపట్నుంచి స్లాటుంటేనే లోపలికి!" అని హెయిర్ డ్రయ్యర్ హోరులో కూతురు అరిచిన మాట కత్తెర బాబాయ్ చెవికి 'స్లేటు'గా చేరింది. ఆయన దాన్ని యథాతథంగా వంతు కోసం బల్ల మీద కూర్చున్నవాళ్ళకి చేరవేశాడు. మర్నాడు ముగ్గురు పెద్దమనుషులు చంకలో పలకలతో సెలూన్లో దిగారు.

"మళ్ళీ ఒకటో తరగతా బాబాయ్?" అన్నాడు లారీ డ్రైవరు.

"స్లేటు కాదు, స్లాటు! ఫోన్లో టైము బుక్ చేసుకోవడం!" అంటూ కూతురు తల పట్టుకుంది. తల పట్టుకోవడం ఆ ఇంటి వృత్తే గాని, ఈసారి పట్టుకున్నది సొంత తల.

కోర్సు ముగించుకుని ఈమధ్యే కొట్లో చేరిందామె. స్లాట్లొస్తే ఎవరూ వేచి ఉండక్కర్లేదట. కనక గోడవారనున్న పొడుగు చెక్కబల్ల తీసేసి, ఒళ్ళు పిసికే కుర్చీ వేస్తుందట. సాయంత్రమే వడ్రంగి వచ్చి బల్ల పట్టుకుపోతాడు.

బాబాయ్ గుండెలో కత్తెర ఆడింది. ముప్పయ్యేళ్ళుగా ఆ బల్లకో పద్ధతుంది. వచ్చినవాడు వాకిలి కొసన కూర్చుని, ముందువాళ్ళు లేస్తుంటే కుర్చీవైపు జరుగుతాడు. కబురు మంచి పట్టులో ఉంటే తన వంతు పక్కవాడికిచ్చేసి, మళ్ళీ వాకిలి కొసకి పోతాడు. ఆ కొట్లో జుట్టుకన్నా కబుర్లే ఎక్కువ రాలతాయి.

వడ్రంగి వచ్చేసరికి బాబాయ్ బల్ల నడిమధ్య బైఠాయించాడు. "ముందు నన్ను మోసుకుపో. తరవాత బల్ల."

"మొండికెయ్యకు నాన్నా. వారం రోజులు చూసి రాశాను." కూతురు నోటుపుస్తకం విప్పింది. "డ్రైవరుగారు ముప్పావుగంట. పోస్టుమాన్ తాతగారైతే రోజూ గంటన్నర కూర్చుని, విసిగిపోయి, పని కాకుండానే వెళ్ళిపోయారు. పాపం, మంగళవారం సెలవు పోను ఆరుసార్లు!"

రిటైరైన పోస్టుమాన్ ఎన్నడూ తీయని టోపీ తీశాడు. కొట్టుకి రెండో బల్బు వెలిగినట్టయింది.

"ఇక్కడ కత్తిరించడానికేముందే తల్లీ?"

బల్లంతా గొల్లున నవ్వింది. బాబాయ్ మాత్రం నవ్వలేదు, లేవలేదు.

"విన్నావుగా? ఆయన కబుర్లకే వస్తాడు. మిగతావాళ్ళూ అంతే, పనిలో పనిగా తలొంచుతారు. తొందరున్నవాళ్ళకి నీ బుకింగు పెట్టుకో, వద్దనను. బల్ల కదలదు."

కూతురు పుస్తకం మూసేసింది. "సర్లే. ఆ కుర్చీ వద్దని ఫోన్ చేసేస్తా."

వడ్రంగి రంపం కింద పెట్టి, వాకిలి కొసన చతికిలబడ్డాడు. "నాకేం అర్థం కాలేదు. అసలేమైందీ?"

అందరూ ఆమెవైపే తిరిగారు.

"ఏముంది!" అందామె, నవ్వాపుకోలేక. "బట్టతలాయన క్షవరం కోసం కూర్చున్నాడని వారమంతా జాలిపడ్డాను."