నీళ్లు నింపిన చక్రం

జాకీ మీద లేపిన ట్రాక్టరు వెనక చక్రాన్ని తిప్పి, పంక్చరు షాపు ఆనందం వాల్వును పైకి తెచ్చాడు. పిన్ను తీసి నీళ్ల పైపు బిగించాడు. గొంతుక్కూర్చుని టైరును అరచేత్తో తడుతూ చెవి దగ్గరపెట్టాడు. నీళ్లున్నంత మేర మొద్దు చప్పుడు, ఆపైన డొల్ల చప్పుడు. మధ్యమధ్య పైపు ఊడదీస్తే లోపలి గాలి బుస్సున వచ్చి అతని గడ్డం తడిపేది.

చిన్న ట్రాక్టరుకు బరువు తక్కువ. వాలు చేలో గొర్రు దించితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి తప్ప బండి కదలదు. అందుకే బరువు కోసం టైర్లలో నీళ్లు. దాన్ని తెచ్చిన శారద అప్పటికే తన వైద్యం తాను చేసి చూసింది.

“ఎనుక ఇసుక సంచులు కడితే ముంగట లేస్తున్నదని, మా అత్తను బానెట్ మీద కూసోవెట్టిన కాకా. ఆమె దిగి ఇంటికి వోయింది. నాతోని మాట్లాడుతలేదు.”

ఆనందం నవ్వాడు, వెంటనే దగ్గాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన ఏళ్ల దూది ఇంకా ఛాతీలోనే ఉంది. దాన్ని అతను పట్టించుకోడు. అతని బాధ వేరు. అన్నేళ్లు బట్ట నేసి, తన గుడ్డను ఒక్కరి ఒంటి మీదా చూడలేదు. బేళ్లు కట్టడం, లారీకెక్కించడం, అంతే. సాంచాలు మూతపడ్డాక వీర్నపల్లిలో ఈ పంక్చరు షాపులో చేరితే ఇక్కడా అదే కథ. టైరు పగిలితే తప్ప ఎవరూ తిరిగి రారు. తాను నీళ్లు నింపిన చక్రం మట్టిని ఎలా పడుతుందో ఒక్కసారి కళ్లారా చూడాలని అతనికి మహా ఆశ.

రెండో చక్రంలోనూ వాల్వు దాకా నీళ్లొచ్చాక పిన్ను పెట్టి గాలి కొట్టాడు.

“ఇగ జారది గదా?” అంది శారద.

“ఏమో బిడ్డా. నేనెన్నడు చూడలే.”

ఆమె నోరు తెరిచింది. షాపు యజమాని మొయినుద్దీన్ లోపలి నుంచి అన్నాడు: “పో భాయ్, చూసి రా. లేకుంటే నా తలకాయ తింటవ్.”

మడ్‌గార్డు ఎండకు కాలిపోతోంది. ఆనందం భుజం మీది తువాలను నాలుగు మడతలు వేసి దాని మీద పరుచుకుని కూర్చున్నాడు.

చేను ఊరి పక్కనే. ముందురోజు వానకు ఎర్రమట్టి మెత్తబడింది. అతను దిగాక శారద వాలు అడుగున గొర్రు దించింది. ఇంజను మూలిగింది. చక్రం కొంచెం జారింది. ఆనందానికి ఊపిరాడలేదు. అంతలో టైరు పళ్లు మట్టిని కరిచాయి, బండి మెల్లగా ఎక్కసాగింది. అతను నడుం వంచి, చక్రం మీంచి చూపు తిప్పకుండా పక్కనే నడిచాడు. వాలు పైకి చేరాక మోకాళ్ల మీద కూలబడి టైరు అచ్చులో వేళ్లు పెట్టి చూశాడు. అంచులు చెదరలేదు. అతనికి పట్టరాని సంతోషం కలిగింది.

“ఎంత మంచిగ వట్టింది,” అన్నాడు. దగ్గుతూ గట్టు మీద కూర్చున్నాడు. “ఇంకో సాలు దున్ను బిడ్డా. ఈడికెల్లి చూస్త.”

శారద కిందికి వెళ్లి, మళ్లీ దున్నుతూ పైకి వచ్చేసరికి అతను గట్టు రాళ్లకు ఆనుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, దున్నిన చాలు వైపే.

“ఎక్కింది, కాకా,” అంది. మళ్లీ పిలిచింది. ఇంజను ఆపి దిగింది.

మొయినుద్దీన్ ఆటో తెచ్చి అతని శవాన్ని సిరిసిల్లకు, భార్య గంగవ్వ దగ్గరికి తీసుకుపోయాడు.

మర్నాడు మిగిలిన చేను దున్నడానికి శారద ట్రాక్టరెక్కింది. మడ్‌గార్డు మీద నాలుగు మడతల తువాల అలాగే ఉంది.