వంటింటి కొలత

నూకరత్నం వంటింట్లోకి మిల్లు మిషను వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. గోగునారని దువ్వే మిషను అది. ఇనుప పళ్ళ రోలర్లతో సహా పొయ్యిగట్టుకీ బియ్యం డబ్బాకీ మధ్య సర్దుకుని కూర్చుంది. ఎవరూ మోసుకురాలేదు. ఆసుపత్రిలో మిల్లు సూపర్వైజరు చదివి వినిపించని కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే ఇది ఉంది.

కాగితంలో ఏముందో తర్వాత తెలిసింది. ఈ మిషనులో పడి తెగిన ఆమె కుడిచేతి రెండు వేళ్ళూ మిల్లులో కాదు, ఇంట్లో వంట చేస్తుండగా పోయాయట. కాగితం అబద్ధం కాకూడదు కదా, అందుకని మిషనే వచ్చింది. నూకరత్నానికి ఒళ్ళు మండిపోతోంది. అయినా రోజూ దాన్ని తుడుస్తోంది, సాక్ష్యం కాబట్టి.

పక్కింటి అసిరితల్లి మీద ఆమెకి మొదట్నుంచీ అనుమానమే. మిల్లు లైను ఇళ్ళలో గోడ ఒక్కటే, చెవులు రెండు వైపులా. ఆవిడ మూడేళ్ళుగా ఎడమచెయ్యి కొంగులోంచి బయటికి తియ్యదు. అడిగితే గంజి పడి కాలిందంటుంది. తను నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టిన సంగతి మిల్లుకి మోసింది ఆవిడే అయ్యుండాలి.

మధ్యాహ్నం లేబరు ఆఫీసు ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వస్తాడు. మిషనుని చూసి ఆశ్చర్యపోడు.

"ఇంట్లో తగిలిన దెబ్బకి పరిహారం రాదమ్మా. పనిలో ఉండగా, పని వల్ల తగలాలి."

"నాను పన్లోనే ఉన్నాను బాబూ. బి షిఫ్టు."

"మిషను మరి ఇక్కడుంది."

"ఎందుకొచ్చిందో దాన్నే అడగండి."

అతను మర్యాదగా అడుగుతాడు. మిషను ఒక నూనె చుక్క కార్చి ఊరుకుంటుంది. అతను అదీ రాసుకుంటాడు.

"కొలుద్దాం. మిషను ఈ గదిలో ఇమిడితే ఇది వంటిల్లు. ఇమడకపోతే మిల్లు."

నూకరత్నం మిగిలిన మూడు వేళ్ళతో టేపు మొదలు పట్టుకుంటుంది. కొలత తన వైపు రాకపోతే పరిహారమూ లేదు, ఈ చేతికి పనిచ్చేవాళ్ళూ లేరు. అతను ఎక్కడ టేపు మడతపెడతాడోనని కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

మిషను గోడలోంచి పక్కింట్లోకి సాగిపోతుంది. టేపు రెండో కొస పట్టుకుని దాని వెంట ఇన్‌స్పెక్టరూ పోతాడు. అవతల అసిరితల్లి గొంతు వినిపిస్తుంది.

"ఇది నా వంటిల్లు బాబూ. ఈ మిషను మూడేళ్ళై ఇక్కడే ఉంది."

నూకరత్నం గోడకి చెవి ఆనిస్తుంది. "గంజన్నావు కదొదినా?"

"గంజని ఆళ్ళు రాసినారు. నాను సదవగల్నేటి? నువ్వు మిల్లోళ్ళ మనిసివేమోనని బయపడిపోనాను."

నూకరత్నానికి సిగ్గేస్తుంది. కొంచెం అనుమానం ఇంకా మిగిలే ఉంది.

టేపు ఆగదు. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. ఇది ఎవరి వంటిల్లని అడిగే ఇన్‌స్పెక్టరు గొంతు గోడగోడకీ సన్నబడుతోంది. ఒక్కో గోడ వెనక ఒక్కో ఆడమనిషి తన పేరు చెబుతోంది. లైనులోని పన్నెండిళ్ళూ దాటాక అతని మాట చిన్నగా వినిపిస్తుంది.

"ఇమడలేదమ్మా."

"అయితే మిల్లని రాయండి," అంటుంది నూకరత్నం.

టేపు ఒక్కసారిగా బిగుస్తుంది. అవతల పట్టు ఇన్‌స్పెక్టరుది కాదని ఆమెకి తెలుస్తోంది. ఒకచోట రెండు వేళ్ళ పట్టు, ఒకచోట ఒట్టి బొటనవేలిది, ఇంకోచోట మణికట్టుది. టేపు కొసన ఉన్న మిల్లుని అందరూ కలిసి ఇటే లాగుతున్నారు. ఆమె కూడా లాగుతుంది. మిల్లు పొగగొట్టం గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వస్తోంది. నూకరత్నం పొయ్యి మీది అన్నం గిన్నె దించి దానికి చోటు చేస్తుంది.