అత్తగారు నొక్కిన ప్రకటనలు

కుట్టుమిషన్ల పని తెలిసిన కోడలు బట్టల ఫ్యాక్టరీ కొలువు మానేసి ఏడాదయింది. పొద్దస్తమానం నిలబడి నడుం పడిపోతోందని, వీధి చివర చిన్న గది అద్దెకు తీసుకుని, మొరాయించే మిషన్లను బాగుచేస్తూ, వాటిని విప్పి బిగించడం వీడియోలు తీసి నెట్‌లో పెట్టేది. బాగుచేతకు వచ్చే డబ్బు ఇంటి ఖర్చులకే సరి. గది అద్దె మాత్రం వీడియోల మధ్య వచ్చే ప్రకటనల మీదే నడిచేది. అవి ఆగాయా, మళ్లీ ఫ్యాక్టరీయే.

ఇంత తెలిసి అత్తగారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషా? వంటింట్లో ఫోను నిలబెట్టి కోడలి వీడియోలనే రోజంతా తిప్పేది. ప్రకటన కనబడితే చాలు, గరిటె పక్కన పడేసి మరీ నొక్కేది. కార్లు, తలనొప్పి మాత్రలు, బట్టతలకు నూనెలు, ఒక్కదాన్నీ వదల్లేదు. పక్కింటి వదినగారికీ అదే పని పురమాయించింది.

ఒక మంగళవారం కోడలు ఫోను పట్టుకుని వచ్చింది. మొహాన నెత్తురు చుక్క లేదు.

"ఆ వీడియోల కంపెనీవాళ్లు నాకు ప్రకటనలు ఆపేశారత్తయ్యా. దొంగ నొక్కుళ్లట. అన్నీ ఈ వీధిలోంచేనట."

"దొంగతనమేమిటే? నా వేలు, నా ఫోను!"

"మీరా?"

"నీకు బేరాలు పంపుతున్నాననుకున్నా. కొట్లోకి నలుగుర్ని తోలితే కొట్టువాడు కాదంటాడా?"

"అది మన కొట్టు కాదత్తయ్యా. అక్కడ అమ్మేది నా పనితనం కాదు, చూసేవాళ్లని. కారు కొనేవాడు దొరుకుతాడనే కారువాడు డబ్బిస్తాడు. మీరు కొంటారా?"

"ఎక్కాలంటేనే కళ్లు తిరుగుతాయి నాకు."

కోడలు నవ్వలేదు. అత్తగారి ప్రాణం ఉసూరుమంది. "పోనీ ఆ పెద్దాయనెవరో చెప్పు. తప్పు నాదని నేనే చెప్పుకుంటా."

"పెద్దాయనెవరూ లేరు. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అదే జవాబు, అక్షరం మారలేదు."

చూసేవాళ్లే నెలనెలా నేరుగా ఇంతని కట్టే చోటు ఇంకొకటుందని తెలిసి, కోడలు కొత్త వీడియోలు అక్కడ పెట్టడం మొదలెట్టింది. "అక్కా, మీరు దేవత" అని రాసిన వేలమందిలో పదకొండుమంది వచ్చారు. ఊరికే వచ్చేదానికి డబ్బెందుకని ఒకడు నిలదీశాడు.

"వాడి మిషను పాడుగాను!" అంది అత్తగారు ఒళ్లు మండి.

"వాణ్నెందుకనడం? ఊరికే ఇచ్చి అలవాటు చేసింది నేనేగా."

నెలాఖరుకు గది తాళం చేతులు మారింది. సోమవారం పొద్దున్నే కోడలు నడుంపట్టీ బిగించుకుని ఫ్యాక్టరీకి బయల్దేరింది.

"ఆ వీడియోల గోలైనా మానేయవే. ఆదివారమైనా నడుం వాలుద్దువు."

"ఎలా మానను? పదకొండుమంది డబ్బు కట్టి కూర్చున్నారు."

కోడలు మెట్లు దిగిపోయింది. తిడదామంటే ఎదురుగా ఒక్క మనిషీ లేడు. అత్తగారు వీధి తలుపు దభాలున వేసింది.