గాలి తగ్గిన శుక్రవారం

వారం మొదట్లో లేచిన గాలి గురువారం దాకా దిగలేదు. నది సముద్రంలో కలిసే ఆ మొన మీద గుడారాల తాళ్లు ఆగకుండా ఈలలు వేశాయి. బెలూగా తిమింగలాల వేటకని కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఇనువిక్ ఊరి నుంచి పడవల్లో వచ్చిన కుటుంబాలు టీ కాచుకుంటూ, పేకాడుకుంటూ, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాయి. మార్లాకు మాత్రం ఏ ఆటా తలకెక్కలేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు కట్టేసేలోగా ఆమె ఇనువిక్‌లో ఉండాలి. రెండు రోజుల్లో తిరిగి వెళ్లిపోదామని వచ్చిన మనిషిని గాలి అక్కడే కట్టిపడేసింది.

పై చదువులకు వెళ్లే తమ ఇనువియాలుయిత్ తెగ పిల్లలకు ఫీజూ, గది అద్దే, విమానం టిక్కెట్టూ ఇచ్చే సహాయ నిధి ఒకటుంది. పోయినేడు ఆ నిధే మార్లాను దక్షిణాన ఎడ్మంటన్ నగరంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు పంపింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అలాంటిది చలికాలం మొదట్లోనే పెట్టె సర్దుకుని తిరిగొచ్చేసింది. ఇంట్లో ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

కాలేజీ వాళ్లు సీటు మళ్లీ ఇస్తామన్నారు. నిధి ఆఫీసులో పనిచేసే లూసిల్ ఫోనులో ఒకటే మాట చెప్పింది. "రెండోసారి అడిగేవాళ్లతో నేను ఎదురుగా కూర్చుని మాట్లాడాలమ్మా. శుక్రవారం లోపల రా. ఆ తర్వాత ఈ ఏటికి ఇక చేర్చుకోం."

నిధి ఇవ్వకపోతే సెప్టెంబరులో ఎడ్మంటన్ లేదు. మార్లాకు ఆ సంగతి బాగా తెలుసు.

"రేడియోలో అడగవే," అని అమ్మమ్మ పెర్సిస్ రోజూ చెబుతూనే ఉంది. గుడారం గుంజకు వేలాడే రేడియో పొద్దస్తమానం గరగరలాడుతూనే ఉంటుంది. మొనమొనకూ ఒక రేడియో ఉంది. ఒకరు మాట్లాడితే తీరమంతా వింటుంది. "గాలికి చిక్కుకున్నానని చెప్పు. ఎవరో ఒకరు ఆ లూసిల్‌కు కబురు చేరేస్తారు."

"వద్దమ్మమ్మా. ఆ పెట్టెలో నేను దగ్గితే మూడు మొనల అవతల నుంచి మందు చెబుతారు. చదువు వదిలేసి వచ్చిన పిల్ల మళ్లీ అడుగుతోందట అని అందరూ చెప్పుకోవాలా?"

"చెప్పుకోకుండా ఉన్నారనుకుంటున్నావా?" అంది పెర్సిస్, రొట్టె తిరగేస్తూ.

శుక్రవారం పొద్దున మార్లా లేచేసరికి ఈలలు లేవు. నీళ్లు నూనె పోసినట్టున్నాయి. దూరంగా తెల్లటి వీపులు పైకి లేస్తూ, మునుగుతూ పోతున్నాయి. ఎర్విన్ మామయ్య అప్పటికే పడవలో ఈటె, తాడు, ఈటెకు కట్టే తేలుడు బుంగ సర్దేశాడు. వారమంతా గోళ్లు గిల్లుకున్న మనిషి ముఖం వెలిగిపోతోంది. దాన్ని చూశాక మార్లాకు అడగడానికి నోరు రాలేదు.

పెర్సిస్ గుడారం ముందు నిలబడి కేకేసింది. "ఒరే ఎర్విన్! ఆ ఈటె దించు. పిల్లను ఇనువిక్ తీసుకెళ్లు."

"అమ్మా, తిమింగలాలు వచ్చాయే!"

"వాటికి రేపు కూడా ఈత వచ్చురా. దీనికి ఈరోజే గడువు."

ఎర్విన్ తిమింగలాల వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసి ఈటె ఒడ్డున పడేశాడు. పడవ నది పాయల్లో పడ్డాక కూడా చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. మార్లా చెప్పాల్సిన మాటలు లోపల వల్లె వేసుకుంది. క్రమశిక్షణ, సమయపాలన, లక్ష్యం. ఎంత వల్లె వేసినా అవి వేరెవరి మాటల్లాగే ఉన్నాయి.

ఆఫీసు తలుపుకు తాళం వేసి ఉంది.

మార్లా తలుపు ఇంకోసారి తోసి చూసింది. పక్క గదిలో పనిచేసే ఆవిడ కాఫీ కప్పుతో బయటికి వచ్చింది.

"లూసిల్ కోసమా? వేటకెళ్లిందిగా, పోయిన శనివారం. సోమవారం వచ్చేస్తానంది. గాలికి చిక్కుకుపోయినట్టుంది పాపం." కాఫీ ఒక గుక్క తాగి మార్లాను ఎగాదిగా చూసింది. "నువ్వు పెర్సిస్ మనవరాలివి కదూ? మీ పక్క మొన మీదే ఉంటుంది. వంపు తిరిగితే వాళ్ల గుడారమే!"

మెట్ల దగ్గర నిలబడ్డ ఎర్విన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు.

"నువ్వు రేడియోలో ఒక్క ముక్క అడిగుంటే ఆవిడే పలికుండేది కదే! 'చెప్పమ్మా' అని!"

"నవ్వకు మామయ్యా," అంది మార్లా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే, నవ్వను. పద, పద. పెట్రోలు నీ మొదటి జీతంలో పట్టుకుంటాలే."

వాళ్లు వంపు తిరిగేసరికి మధ్యాహ్నం బాగా దాటింది. లూసిల్ వాళ్ల ఒడ్డున తెల్లటి తిమింగలం ఒకటి పడి ఉంది. పిల్లా పెద్దా దాని చుట్టూ మూగి ఉన్నారు. రబ్బరు బూట్లు వేసుకుని, చేతులు మోచేతుల దాకా నూనె చేసుకుని, జుట్టుకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ తలెత్తింది. లూసిల్‌ను ఆఫీసు బట్టల్లో తప్ప చూడని మార్లా మొదట పోల్చుకోలేదు.

"లూసిల్ అత్తా, నేను మార్లాను. ఈ సాయంత్రంలోగా మీతో..."

"తెలుసమ్మా. ముందు తిమింగలం. తర్వాతే ఏదైనా." లూసిల్ అర్ధచంద్రం కత్తి ఒకటి ఆమె చేతిలో పెట్టింది. "ఎండ చూశావుగా, మాంసం ఆగదు. అటువైపు కూర్చో."

ఒడ్డున తిమింగలం ఉన్నప్పుడు అడుగుపెట్టినవాడెవడైనా పనిలో దిగాల్సిందే. అక్కడ ఎవరూ వేరేగా ఆలోచించరు. మార్లా మోకాళ్ల మీద కూర్చుని తోలునూ కొవ్వునూ కలిపి పలకలుగా కోయసాగింది. చేతులు పని చేస్తున్నాయి కానీ మనసంతా గడియారం మీదే ఉంది. పిల్లలు పలకలను మోసుకెళ్లి కొయ్యల మీద ఆరేస్తున్నారు. ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వారు. ఆమెకు అదేమిటో వినపడలేదు. చివరికి ఉండబట్టలేక ఎర్విన్‌ను టైమెంతని అడిగింది.

"అయిదున్నర."

కత్తి ఆగిపోయింది. "అత్తా, ఆఫీసు టైము అయిపోయింది."

"అయితే?"

"ఇక చేర్చుకోం అన్నారుగా."

లూసిల్ తిమింగలం మీదుగా ఆమె వైపు చూసింది. "చేర్చుకోనన్నది ఎవరే? నేనేగా! ఇక్కడ కొవ్వులో మునిగున్నాను. ఆఫీసు తాళంచెవి నా గుడారంలో ఉంది. నన్ను దాటి ఎవరొచ్చి జాబితా మూస్తారు?" అంది. "ఎదురుగా కూర్చోమన్నాను. కూర్చున్నావు. ఇప్పుడు చెప్పు, ఎందుకు వచ్చేశావు?"

వల్లె వేసిన మాటలు ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"చదువు కష్టమనిపించలేదత్తా. నది గడ్డకట్టిందని అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. మంచు కింద వల వేయాలంటే తాడుకు రెండో కొస ఎవరో పట్టుకోవాలిగా. తాత పోయాక ఆ కొస నాదే. నేను లేకపోతే ఒక్కతే మంచు మీదికి వెళ్తుందని నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు లేచి వచ్చేశాను."

అవతల పలకలు మోస్తున్న ఎర్విన్ ఆగిపోయాడు. "అందుకా వచ్చేశావు? ఒక్క మాట అడిగుంటే నేను పట్టేవాణ్ణిగా! తాడు పట్టడానికి కూడా డిప్లొమా కావాలా?"

చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. మార్లాకు కూడా నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

"నీ జబ్బు అదేనమ్మా, అడగకపోవడం," అంది లూసిల్. "రేడియోలో అడగలేదు, మామయ్యను అడగలేదు. మరి ఇప్పుడు మళ్లీ ఎందుకు వెళ్తానంటున్నావు?"

"అమ్మమ్మ కంటే ఆమె రక్తమే ఎక్కువసార్లు విమానమెక్కిందత్తా. ప్రతి పరీక్షకూ రక్తం దక్షిణానికి పంపుతారు, జవాబు వచ్చేదాకా ఆమె కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆ పని ఇక్కడే, మన ఆసుపత్రిలో నేను చేస్తాను."

లూసిల్ కత్తిని గులకరాళ్ల మీద పెట్టి చేతులు గడ్డితో తుడుచుకుంది.

"సరే. నీ పేరు నేను రాసేస్తాను. సోమవారం వచ్చి సంతకం చెయ్యి. కానీ ఒక షరతు. రెండు వారాలకొకసారి నాకు ఫోన్ చెయ్యాలి. చెప్పడానికేం లేకపోయినా సరే, ఏడవడానికైనా సరే. ఎర్విన్, వల సంగతి నీది. విన్నావా?"

"తీరమంతా వింది," అన్నాడు ఎర్విన్.

మార్లా కత్తి పక్కన పెట్టి గులకరాళ్ల మీద చతికిలబడింది. అప్పుడు తెలిసింది ఆకలి. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

లూసిల్ వాళ్ల అమ్మ అప్పుడే కాగుతున్న బానలోంచి నాలుగు ముక్కలు తీసి పళ్లెంలో పెట్టి ఆమె ముందు ఉంచింది. "తిను, తల్లీ. మీ అమ్మమ్మకు కూడా ఒక పలక పట్టుకెళ్లు. మీ మామయ్య ఈరోజు ఈటె విసరలేదుగా."

"అది మాత్రం రేడియోలో చెప్పకండి," అని ఎర్విన్ బతిమాలుతుండగా, మార్లా రెండో ముక్కకు చెయ్యి చాపింది.